దారి చూపు పటము, దారి చెప్పు ఫోను

(సంఘ వార్షికోత్సవ సభలో చేయబడిన ప్రసంగ పాఠము)



ఢిల్లీలో కొలువు చేయు తెలుగువారి ఇండ్లలో వేసవి సెలవులు దగ్గరపడునప్పటికి ఒక చర్చ తప్పక పుట్టును. స్వస్థలమునకు రైలులో పోవుటయా, కారులో పోవుటయా అని. రైలు టిక్కెట్లు దొరకని యేట కారు పక్షము గెలుచును. సొంత కారున పోయినచో సాధారణముగా ఎల్.టి.సి. సొమ్ము రాదని ఇంటి యజమానికి తెలియనిది కాదు. ఆ నిబంధనను పదిమందికి విప్పి చెప్పినవాడు తానే అయియుండవచ్చును. అయినను పిల్లల ఉత్సాహము ముందు నిబంధనలు నిలువవు.

కారు పక్షము గెలిచిన వెంటనే రెండవ చర్చ మొదలగును. తాతగారు బీరువాలోనుండి మడతలు పడిన రహదారుల పటమును తీసి భోజనపు బల్లపై పరచుదురు. మనుమడు జేబులోనుండి ఫోను తీసి, ఊరి పేరు దానికి చెప్పి, ఎన్ని కిలోమీటర్లో ఎన్ని గంటలో ఒక్క క్షణమున వినిపించును. తాతగారి వ్రేలు అప్పటికి ఇంకను ఆగ్రా దాటి యుండదు. ఇంటిలోని తక్కినవారు నవ్వుదురు. ఆ నవ్వుతో చర్చ ముగిసినట్లే అనిపించును గాని, అసలు సంగతి అచటనే మొదలగుచున్నది. ఆ ఇద్దరును ఒకే ప్రశ్నకు సమాధానము వెదకుట లేదు.

ఫోనునకు న్యాయము చేయుటకు ముందుగా దాని పనితనమును తెలిసికొనవలెను. ఆకాశమున సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున అమెరికా వారి జి.పి.ఎస్. ఉపగ్రహములు తిరుగుచున్నవి. ఒక్కొక్క ఉపగ్రహము చేయు పని చాల చిన్నది: తానెచట నున్నదియు, తన గడియారమున ఎంత సమయమైనదియు ఎడతెగక చాటుచుండును. ఫోను ఆ చాటింపును విని, అది తనను చేరుటకు పట్టిన కాలమునుబట్టి దూరమును లెక్కించును. నాలుగు ఉపగ్రహముల మాట వినబడినచో తానున్న చోటు తేలును. ఉపగ్రహమునకు ఈ ఫోను సంగతి ఏమియు తెలియదు. మాట్లాడునది అది, వినునది మాత్రమే ఇది. అందువలన ఇంటర్నెట్ లేని అడవిలో కూడ నీలిచుక్క కదలుచునే యుండును. చుక్క క్రింద నుండవలసిన పటమే మాయమగును. బయలుదేరుటకు ముందు రాత్రి ఆ దారి పటమును ఫోనులోనికి దింపుకొనినవారికి ఆ చిక్కు లేదు. ఈ సదుపాయము ప్రతి ఫోనులోను ఉన్నను, దానిని వాడువారు తక్కువ.

ఈ విద్యలో మనదేశము వెనుకబడి లేదు. 2013 జూలై 1న మన శ్రీహరికోటనుండి దారి చూపు ఉపగ్రహములలో మొదటిది ఎగసినది. 2016 ఏప్రిల్ 28న ఏడవది కక్ష్యలోనికి పోయిన పిదప ఆ వ్యవస్థకు నావిక్ అను పేరు పెట్టబడినది. పులికాటు సరస్సునకును సముద్రమునకును నడుమనున్న తెలుగు దీవినుండి బయలుదేరిన గడియారములు నేలమీది బాటసారికి దారి లెక్క చెప్పుట సామాన్యమైన ముచ్చట కాదు.

ఫోను చేసిన మేలును తక్కువ చేసి మాట్లాడు పెద్దలు ఒక విషయము మరచుచున్నారు. పూర్వము దారి తప్పినచో అడుగవలసినది రోడ్డు ప్రక్కనున్న అపరిచితునే. మగవారికది వేడుకగా ఉండెడిదేమో. చీకటిపడిన వేళ కారు నడుపుకొనుచు వచ్చు స్త్రీకి అది వేడుక కాదు. నేడు కోడలు స్టీరింగు పట్టి, అద్దములు దించకయే తెలియని నగరమును దాటి పోవుచున్నది. రాత్రివేళ రోగిని తీసికొనిపోవువారికి దగ్గరి ఆసుపత్రి ఏ దిక్కున నున్నదో పటము చెప్పదు, ఫోను చెప్పును. ఈ రెండు ఉపకారములే చాలును, దానిని కొనియాడుటకు.

ముందు దారిలో రద్దీ యున్నదని ఎఱ్ఱగీత గీసి చూపుట మరొక వింత. ఆ విషయము ఉపగ్రహము చెప్పునని పలువురి నమ్మకము. నిజమునకు అది చెప్పునది ముందు పోవుచున్న ప్రయాణికుల ఫోనులే. అవి నెమ్మదిగా కదలినచో దారి మూసికొనిపోయినదని లెక్క. 2020లో బెర్లిన్ నగరమున సైమన్ వెకర్ట్ అను కళాకారుడు 99 ఫోనులను ఒక చిన్న తోపుడుబండిలో వేసికొని వీధివెంట మెల్లగా నడచెను. వీధి నిర్మానుష్యముగా నున్నను ఫోను పటములో అది ఎఱ్ఱబారినది. నవ్వుకొనదగిన కథయే గాని, అందులో ఒక ఎరుక కలదు. ఫోను రహదారిని చూచుట లేదు. రహదారిపైనున్న ఫోనులను చూచుచున్నది.

చూడని దానికి మూల్యము ఒక్కొక్కప్పుడు ప్రాణమగును. 2024 నవంబరు 24న ఉత్తరప్రదేశ్ లోని బరేలీ జిల్లాలో రామగంగా నదిపైనున్న ఒక వంతెన మీదికి కారొకటి ఎక్కినది. ఆ వంతెనలో కొంత భాగము అంతకు పూర్వము వరదలలో కొట్టుకొనిపోయి యుండెను. కారులోనివారు ఫోను చూపిన దారిని వచ్చిరని నాటి వార్తలు తెలిపినవి. వాహనములను ఆపగలిగిన అడ్డు అచట లేకపోయినది. కారు నదిలో పడి ముగ్గురు మరణించిరి. ఫోను పటములో వంతెన చెక్కుచెదరక నిలిచియే యున్నది.

ఈ నేరములో వాటాదారులు పలువురు. వంతెనకు అడ్డు కట్టవలసినవారు కట్టలేదు; పటము దిద్దవలసినవారు దిద్దలేదు. ఆ విచారణ న్యాయస్థానముల పని. ఈ సభకు కావలసిన సంగతి వేరు. చేతిలో కాగితపు పటమే యున్నచో ఆ మువ్వురు బ్రతికియుందురా? చెప్పజాలము; వంతెన విరిగినట్లు కాగితమునకు మాత్రము ఎట్లు తెలియును? కాని కాగితముపై ఒక మూల అచ్చయిన సంవత్సరము ఉండును. సర్వే ఆఫ్ ఇండియా వారి పటములపై సర్వే జరిగిన ఏడును, ముద్రణ జరిగిన ఏడును వేరువేరుగా వ్రాయబడియుండును. చదువరి ఆ అంకెను చూచును. "ఇది పదేండ్ల నాటి మాట, ఇప్పుడెట్లున్నదో" అను శంక అతని మనస్సున దానంతటదే పుట్టును. ఆ శంకయే అతనిచేత కారు ఆపించి ఎదురుగ వచ్చు లారీ డ్రైవరును అడిగించును. ఫోను తెరపై అట్టి సంవత్సరము కనబడదు. నిన్న దిద్దిన వీధియు, ఏండ్ల తరబడి ఎవరును ముట్టని కాలిబాటయు అందులో ఒకే రంగున మెరయుచుండును. దానిని పూర్తిగా నమ్మవలె, లేదా పూర్తిగా కాదనవలె. ఎంత నమ్మవలెనో తెలిసికొనుటకు ఆధారము లేదు.

ఇంకొక చిక్కు. తెరచియున్న ఆకాశము క్రింద ఫోను తానున్న చోటును సుమారు 5 మీటర్ల తేడాలో చెప్పగలదు. నడచువానికి అది చాలును. కాని ఫ్లైఓవర్, దాని ప్రక్కనే సాగు సర్వీసు రోడ్డు, ఈ రెంటి మధ్య అంతకంటె తక్కువ ఎడమున్నచోట అది తబ్బిబ్బు పడును. "ఎడమకు తిరుగుడు" అని అది తెలుగులో చక్కగా పలుకునప్పటికి కారు వంతెన పైభాగమున నుండును. తిరుగవలసిన మలుపు క్రింద నుండును.

పైగా ఫోనునకు నిమిషముల పిచ్చి. నాలుగు నిమిషములు కలిసివచ్చునన్నచో అది నాలుగు వరుసల రహదారిని విడిపించి చెరువుగట్టు ఎక్కించును. తెరపై రెండు దారులును ఒకే నీలిగీతగా కనబడును. కాగితములో లావుగీత లావుగీతయే, సన్నగీత సన్నగీతయే. ఈ తగవున మూడవ సాక్షి రోడ్డు ప్రక్కనున్న కిలోమీటరు రాయి. పసుపు తల జాతీయ రహదారికి, ఆకుపచ్చ తల రాష్ట్ర రహదారికి, నారింజ తల గ్రామీణ రహదారికి గుర్తు. పసుపు రాళ్ళు పోయి నారింజ రాళ్ళు వచ్చినచో ఫోను ఏమి చెప్పినను ఒకసారి ఆగి చూచుకొనుట మంచిది. రాత్రివేళ మరియు మంచిది.

ఇక కాగితపు పటము పుట్టుక. ఢిల్లీనుండి హైదరాబాదు పోవు తెలుగువారందరును ఆ కథ ప్రక్కనుండియే పోవుచున్నారు, తెలియకయే. 44వ నంబరు జాతీయ రహదారిపై నాగపూరు దాటి దక్షిణమునకు పోగా వార్ధా జిల్లాలో హింగన్ ఘాట్ అను పట్టణము వచ్చును. విలియం లాంబ్టన్ అను సర్వేయరు 1823 జనవరి 20న అచట మరణించెను. అతని సమాధి అచటనే కలదు. హైదరాబాదునుండి నాగపూరునకు పోవుచు దారిలో కన్నుమూసెను. అనగా నేడు కుటుంబములు ఏసీ కారులలో ఒక పూటలో దాటు త్రోవలోనే ఆ వృద్ధుని తుది ప్రయాణము జరిగినది.

లాంబ్టన్ 1802 ఏప్రిల్ 10న మద్రాసు సమీపమున సెయింట్ థామస్ మౌంట్ వద్ద పని ఆరంభించెను. నూరడుగుల ఉక్కు గొలుసుతో సుమారు ఏడున్నర మైళ్ళ పొడవున ఒక రేఖను కొలిచెను. ఆ ఒక్క రేఖను ఆధారముగా చేసికొని, దాని రెండు కొనలనుండి దూరపు కొండను చూచి కోణములు కొలిచి, త్రిభుజము తరువాత త్రిభుజముగా దేశము పొడవున సాగెను. త్రిభుజములో ఒక భుజమును కోణములును తెలిసినచో తక్కిన భుజములు లెక్కలో తేలును. గొలుసుతో మరల కొలువ పనిలేదు. పాఠశాలలో పిల్లలు విసుగుకొను లెక్క ఇదియే. కోణములు కొలుచు థియోడొలైట్ బరువు అర టన్ను. 1808లో తంజావూరు గోపురముపైకి దానిని లాగుచుండగా త్రాడు తెగి గోడకు కొట్టుకొని పాడయినది. లాంబ్టన్ దానిని విడదీసి, వంగిన చక్రమును తానే సరిచేసి, మరల పని సాగించెను.

1818లో ఈ కార్యమునకు గ్రేట్ ట్రిగొనమెట్రికల్ సర్వే అను పేరు వచ్చినది. ఆ ఏటనే జార్జి ఎవరెస్టు హైదరాబాదున లాంబ్టన్ ను చేరెను. కృష్ణా గోదావరుల నడిమి అడవులలో పని చేయుచు జ్వరమున పడి, కోలుకొనుటకు సముద్రము దాటి పోవలసివచ్చెను. ప్రపంచమున మిక్కిలి ఎత్తైన శిఖరమునకు పేరైనవాడు మొదట ఓడిపోయినది తెలుగునాటి దోమ చేతిలో. అతనితో పాటు జ్వరపడిన కూలీలు, జెండావాహకుల పేర్లు ఏ శిఖరమునకును పెట్టబడలేదు.

1815లో భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్ అయిన కాలిన్ మెకంజీకి కుడిభుజములైనవారు తెలుగువారే. ఏలూరునకు చెందిన కావలి సోదరులు బొఱ్ఱయ్య, లక్ష్మయ్యలు. సర్వేయర్లు గీతలు గీయగా, ఆ గీతల నడుమనున్న ఊళ్ళ కథలను, శాసనములను, కైఫీయతులను వీరు సేకరించిరి. ఉప్పల్ లో నేడున్న సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థకు పోయినవారికి ఈ పరంపర క్రొత్త కాదు. ఇంత చెప్పుటకు కారణమొకటే. కాగితముపైనున్న ప్రతి గీత వెనుక ఎవరో ఒకరు ఆ నేలమీద నిలబడి కన్నులతో చూచిరి.

అయినను కాగితమును పూజాగదిలో పెట్టవలసిన పనిలేదు. దాని లోపములు దానికి కలవు. తాతగారి పటము పాతది. అందులో ఢిల్లీనుండి ఆగ్రాకు 2వ నంబరు, ఆగ్రానుండి గ్వాలియరునకు 3, అటనుండి ఝాన్సీకి 75, ఝాన్సీనుండి సాగర్ మీదుగా లఖనాదోనునకు 26, లఖనాదోనునుండి నాగపూరు, హైదరాబాదులకు 7 అని ఐదు నంబర్లు వ్రాసియుండును. 2010లో రహదారులకు క్రొత్త నంబర్లు వచ్చి, ఈ త్రోవ అంతయు 44 అయినది. హైదరాబాదు–విజయవాడ దారి 9 పోయి 65 అయినది. విజయవాడనుండి రాజమహేంద్రవరము పోవు 5వ నంబరు దారి 16 అయినది. పాత పటము పట్టుకొని బోర్డులు చూచువానికి తాను వేరొక దేశమునకు వచ్చితినేమో అను అనుమానము కలుగును. రాష్ట్రమన్నచో 2014 జూన్ 2న రెండైనది. ఆంధ్రప్రదేశ్ లోని 13 జిల్లాలు 2022 ఏప్రిల్ 4న 26 అయినవి. పటము మడతలలో ఇవేవియు లేవు. పైగా మడత పడినచోటనే చిరుగును. చిరిగిన చోటనే తప్పక ఒక ముఖ్యమైన కూడలి యుండును. ఇది ఏ శాస్త్రజ్ఞుడును వివరింపని ప్రకృతి ధర్మము.

స్కేలు సంగతి మరియొకటి. 1:50,000 స్కేలు గల సర్వే పటములో రెండు సెంటీమీటర్లు ఒక కిలోమీటరు. బావి, గుడి, గట్టు, ఎత్తుపల్లములు అన్నియు అందు కనబడును. కాని ఆ తరహా పటములతో ఢిల్లీనుండి గోదావరికి పోవలెనన్నచో కట్ట కట్టి మోయవలెను. అందుకని రహదారుల పటములు సెంటీమీటరునకు పదిహేనో ఇరువదియో కిలోమీటర్లుగా కుదించబడును. అందులో తాతగారి ఊరు ఉండదు. 2017నుండి ఆ పెద్ద స్కేలు పటములు సర్వే ఆఫ్ ఇండియా వారి జాలస్థలములో ఉచితముగా దొరకుచున్నవి. స్వస్థలము పటము ఒక్కటైనను ప్రతి కుటుంబము దింపి అచ్చు వేయించుకొనదగును.

మొన్నటి వేసవిలో అట్టి కుటుంబమొకటి బయలుదేరినదనుకొందురు గాక. కోడలు స్టీరింగు వద్ద. కుమారుడు ప్రక్కన, అతని ముందు ఫోను. వెనుక సీటులో తాతగారు, పదునైదేండ్ల మనుమడు, పదేండ్ల మనుమరాలు. తాతగారి మోకాళ్ళపై పటము. ధోల్పూరు దాటగా చంబల్ వచ్చినది. ఫోనులో అది నీలిరంగు పట్టీ; రెండు క్షణములలో వెనుకకు జారిపోయినది.

"తాతయ్యా, ఈ కాగితంలో మనం ఎక్కడున్నాం?" అని మనుమరాలు అడిగినది.

"అది నువ్వే చెప్పాలమ్మా" అని తాతగారు పెన్సిలు ఆమె చేతికిచ్చిరి.

పటమునకును ఫోనునకును ఉన్న భేదమంతయు ఈ రెండు మాటలలో వచ్చినది. ఫోను "నీవిచట నున్నావు" అని చెప్పును. చూపు నడిమి చుక్కపై నిలుచును. లోకము చుక్క చుట్టు తిరుగును. పటములో ప్రయాణికుని చుక్క లేదు. వాడే వెదకి పెట్టుకొనవలెను. దాటిన నది ఏది, రాబోవు ఊరేది, సూర్యుడు ఏ వైపున నున్నాడు అని చూచుకొననిదే ఆ చుక్క పెట్టుట సాధ్యము కాదు.

2017లో లండన్ లోని యూనివర్సిటీ కాలేజి పరిశోధకులు ఈ విషయమునే పరీక్షించిరి. 24 మందిని కంప్యూటరు తెరపై సోహో ప్రాంతపు వీధులలో నడిపించి వారి మెదడు పనిని గమనించిరి. తామే దారి వెదకుకొనునప్పుడు, క్రొత్త వీధిలోనికి తిరిగినపుడెల్ల హిప్పోకాంపస్ అను భాగము చురుకుగా మేలుకొనినది. యంత్రము చెప్పిన దారిని నడచునప్పుడు ఆ మేలుకొనుట కనబడలేదు. చెప్పినట్లు తిరిగినవారు గమ్యము చేరకపోలేదు, చేరిరి. నడచిన వీధి మాత్రము వారిది కాలేదు.

నర్మద దాటిరి. మనుమరాలు రెండవ చుక్క పెట్టినది. చంబల్ నీరు యమునలో కలసి గంగతో తూర్పునకు పోవును. నర్మద నీరు పడమటి సముద్రమునకు పోవును. ఈ రెంటి నడుమ వింధ్య పర్వతములను ఎప్పుడెక్కి ఎప్పుడు దిగిరో నాలుగు వరుసల రోడ్డుమీద ఎవరికిని తెలియలేదు. పటముపై గోధుమరంగు చారలు మాత్రము తెలిపినవి.

సివనీ వద్ద తాతగారు కారు ఆపించిరి. టీ కొరకని అందరును అనుకొనిరి. టీ తెప్పించి, పటమును కారు ముందుభాగముపై పరచి, సన్నని నీలిగీతనొకదానిని చూపించిరి. అది వైనగంగ. ఈ సివనీ జిల్లాలోనే ముండారా వద్ద పుట్టును. మనుమడు వ్రేలితో ఆ గీత వెంట పోయెను. అది ఉత్తరముగా పోయి, పెద్ద వంపు తిరిగి, దక్షిణమునకు దిగి, వార్ధా నదిని కలిసికొని ప్రాణహిత అయినది. ప్రాణహిత కాళేశ్వరము వద్ద గోదావరిలో కలసినది. వ్రేలు ఇంకను సాగి, పాపికొండలు దాటి, ధవళేశ్వరము వద్ద ఆగినది. 1852లో పూర్తియైన కాటన్ దొర ఆనకట్ట అచటిదే. తాతగారి ఊరు ఆ ఆనకట్ట క్రింది కాలువ గట్టున నున్నది.

"అంటే ఇక్కడి వాన మన ఊరికొస్తుందా?" అని వాడడిగెను.

ఢిల్లీలో పుట్టి పెరిగిన బాలుడు "మన ఊరు" అని నోరార అనుట తాతగారు అదే మొదటిసారి వినుట. అంతవరకును వాని నోట అది "తాతయ్య వాళ్ళ ఊరు". ప్రవాసమునందున్న తెలుగు సంఘములు పండుగలు, పాటల పోటీలు, పద్య పఠనములు పెట్టుచున్నవి, అవన్నియు కావలసినవే. స్వస్థలమునకును పిల్లలకును నడుమ పదిహేనువందల కిలోమీటర్లకు పైబడిన నేల ఉన్నదనియు, ఆ నేల ఖాళీ కాదనియు తెలుపుటకు ఏ పోటీయు లేదు. విమానములో పోవు పిల్లలకు అది మేఘము. ఫోను చూచుచు పోవు పిల్లలకు అది నీలిగీత.

ఈ త్రోవకు తెలుగులో పాత సాక్షి ఒకరు కలరు. మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న మద్రాసున బయలుదేరి, హైదరాబాదు, నాగపూరు, జబ్బలపూరుల మీదుగా కాశికి పోయి, తూర్పుతీరము వెంట తిరిగివచ్చి 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరిరి. లాంబ్టన్ మరణించిన ఏడేండ్లకు ఈయన ఆ సీమను దాటిరి. ఆయన వ్రాసిన కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చయినది. అందులో చిత్రపటమేదియు అక్కరలేదు. మజిలీ మజిలీకి దూరమెంత, దారి రాళ్ళదా బురదదా, ఏటికి పడవ యున్నదా, ఊరిలో ఏ సరుకు దొరకును అని ఆయన వ్రాసినదే మాటలతో గీసిన పటము. ఆయనకు ఉపగ్రహము లేదు. అడుగుటకు మనుష్యులుండిరి, వ్రాయుటకు ఓపిక యుండెను. తరువాత వచ్చువారికి పనికివచ్చుననియే వ్రాసిరి. నేటి బాటసారి ఫోను కూడ తెలియకయే ఇట్టి పని చేయుచున్నది. అది నడచిన వేగమే వెనుకవానికి రద్దీ సమాచారము. కాని ఏటికి పడవ యున్నదా అను సంగతి, వంతెన యున్నదా అను సంగతి, వేగమునుబట్టి తెలియదు.

పెంచ్ అడవిలో రహదారి వంతెనలపై సాగును. క్రిందనుండి పులులు, దుప్పులు దాటుటకు వాటిని కట్టిరి. అచట ఇంటర్నెట్ పోయినది. మనుమడు ముందు రాత్రి పటమును ఫోనులోనికి దింపి యుంచుటచే ఎవరును కంగారుపడలేదు. తాతగారు ఆ పని మెచ్చుకొనిరి. నాగపూరులో రాత్రి బస. నగరమున హోటలు వెదకి, వీధుల మలుపులలో చేయి పట్టి నడిపించినట్లు తీసికొనిపోయినది ఫోనే. ఆ వేళ పటమును ఎవరును విప్పలేదు.

మరునాడు హింగన్ ఘాట్, పెన్ గంగ వంతెన, ఆదిలాబాదు. తెలుగు బోర్డు మొదట చూచినవారికి తాతగారు చాక్లెట్టు ప్రకటించిరి, కోడలు గెలిచినది. నిర్మల్ దాటగా గోదావరి. పిల్లలిద్దరును పటము చూడకయే దాని పేరు చెప్పిరి. ఆమె నిన్న సివనీలో చూచిన నీరు ఇందులో ఇంకను కలియలేదనియు, అది దిగువన కలియుననియు మనుమరాలు తండ్రికి వివరించినది. ఆ వివరణ పూర్తియగునప్పటికి నది వెనుకబడినది.

చివరి మైళ్ళ కథ చెప్పి ముగింపవలెను. మూడవనాటి సాయంకాలము కాలువ గట్టుకు చేరిరి. తాతగారి ఊరి పేరు పదిచోట్ల ఉన్న పేరు. కొత్తపేటలు, కొత్తపల్లులు, రామాపురములు తెలుగునాట ఎన్ని లేవు! ఫోను ఆ పేరుగల వేరొక ఊరికి దారి తీయుచున్నదని మొదట గుర్తించినది కోడలు. కాలువ కుడివైపున నుండవలసినది ఎడమవైపునకు వచ్చినది. పటములో ఊరి పేరే లేదు. రెండును చేతులెత్తివేసినవి. గట్టుమీది టీ కొట్టు వద్ద కారు ఆగినది. తాతగారు ఈ ఊరు విడిచి నలువది యేండ్లయినది. క్రొత్త రోడ్లు, క్రొత్త మేడలు వారిని కూడ తికమక పెట్టినవి.

"ఎవరింటికండీ?" అని కొట్టువాడు అడిగెను. ఊరి పేరు అడుగలేదు, దారి పేరు అడుగలేదు. తాతగారు తమ తండ్రిగారి పేరు చెప్పిరి.

"ఓహో, లాకు కాడి వారా! ముందు వంతెన ఎక్కకండి బాబూ, మొన్న వానకి కుంగింది, కార్లు పోనియ్యడం లేదు. తూము దాటి రావిచెట్టు కాడ ఎడం చేతికి తిరగండి."

మనుమడు ఫోనులో ఆ వంతెనను చూచెను. అది నిలిచియే యున్నది. వాడు దానిపై గుర్తు పెట్టి, దారి మూసివేయబడినదని పటము దిద్దువారికి తెలియజేయు మీటను వెదకి నొక్కెను. అట్టి మీట యున్నదని ఇంటిలో తక్కినవారెవరికిని తెలియదు. మనుమరాలు పటము అంచున, గోదావరి గీతకును సముద్రపు నీలమునకును నడుమ, పెన్సిలుతో చుక్క పెట్టి, ఊరి పేరు వ్రాసి, దాని ప్రక్కన చిన్న రావిచెట్టును గీసినది. కారు తూము వైపునకు కదలినది.